అడగందే అమ్మయినా పెట్టదు... మరి అమ్మే అడగాల్సి వస్తే?

డాక్టరుగారు 'ఆటిజం' అన్న మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత 'మరి ఎక్కడికి తీసుకెళ్లాలి?' అన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి మాత్రం ఒక్కో తల్లికి ఏళ్లు పడుతోంది. మందుల చీటీ అయితే ఏ షాపులోనైనా చూపించవచ్చు. ఈ చీటీ పట్టుకుని ఏ గుమ్మం ఎక్కాలి? పెద్ద ఊళ్లలో వీధికో థెరపీ సెంటరు బోర్డు ఉంటుంది కానీ ఫీజు వింటే గుండె గుభేలుమంటుంది. చిన్న ఊళ్లలో అసలు బోర్డే కనిపించదు.

మా తోడికోడలి కొడుక్కి ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. నాలుగైదు మాటలు తప్ప మాట్లాడడు. కుక్కరు విజిలేస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పరుగెడతాడు. కానీ ఇంట్లో ఏ గిన్నె ఏ అరలో ఉండాలో వాడికి తెలిసినట్టు మాకెవ్వరికీ తెలీదు. వాడి కోసం ఆమె తిరిగిన ఆఫీసులూ, ఆసుపత్రులూ, బళ్లూ లెక్కేస్తే ఓ పెద్ద నోటుపుస్తకం నిండుతుంది. చాలాసార్లు తోడుగా నేనూ వెళ్లాను. అలా తిరిగి తెలుసుకున్నది ఇంకో అమ్మకు ఒక్క రోజు తిరుగుడైనా తగ్గిస్తే చాలని ఇది రాస్తున్నాను.

బోర్డు మీద పేరు వేరు

ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. సర్కారు వారి సేవలు చాలావరకు 'ఆటిజం' అన్న పేరుతో ఉండవు. అందుకే 'మా ఊళ్లో ఏమీ లేదండీ' అని చాలామంది అనుకుంటారు.

చిన్నపిల్లలైతే మొదట వెళ్లవలసింది జిల్లా ఆసుపత్రికే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, సర్కారు బళ్లలో పిల్లల్ని పరీక్షించే బృందాలున్నాయి. వాళ్లు అనుమానం వచ్చిన పిల్లల్ని పంపేది 'డైక్' అని పిలిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి. మన పిల్లలు ప్రైవేటు బడిలో ఉన్నా సరే, జిల్లా ఆసుపత్రికి వెళ్లి 'డైక్ ఎక్కడండీ?' అని అడగండి.

బడి ఈడు పిల్లలకు మండలాల్లో 'భవిత' కేంద్రాలున్నాయి. సమగ్ర శిక్ష కింద నడుస్తాయి. ప్రత్యేక టీచర్లుంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. ఫీజేమీ లేదు. మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో అడిగితే చెబుతారు. 'ఇలాంటి పిల్లాణ్ణి మేం చేర్చుకోలేమమ్మా' అని మా ఊళ్లో ఓ బడివాళ్లు మా తోడికోడల్ని గేటు దగ్గరే నిలబెట్టి పంపేశారు. కానీ 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని పేరుపెట్టి గుర్తించింది. పాత 1995 చట్టంలో ఆ పేరే లేదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఈ కొత్త చట్టం ఇచ్చింది. ఈ ముక్క తెలిసి అడిగే తల్లికీ, తెలియక బతిమాలే తల్లికీ వచ్చే జవాబుల్లో తేడా ఉంటుంది.

ఆ శాతం రాయించుకోవడమే అన్నిటికీ తాళంచెవి. మన నోళ్లలో అది ఇంకా 'సదరం సర్టిఫికెట్టే'. దేశమంతటికీ చెల్లే కార్డు పేరు యు.డి.ఐ.డి. ఆంధ్రలో సచివాలయంలో, తెలంగాణలో మీ సేవలో అడిగితే ఎలా దరఖాస్తు చెయ్యాలో చెబుతారు. పింఛనుకైనా, పరీక్షల్లో గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయానికైనా, ఉద్యోగాల రిజర్వేషనుకైనా మొదట అడిగేది ఈ కాగితాన్నే. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జూలైలో నెలకు 6,000 రూపాయలైంది. 'పిల్లాడికి ముద్ర పడుతుందేమో' అని కొందరు ఇళ్లలో వద్దంటారు. ముద్ర వేసే లోకం కార్డు లేకపోయినా వేస్తూనే ఉంటుంది. కార్డుంటే దాంతోపాటు హక్కు కూడా చేతికొస్తుంది.

మనోవికాస్ నగర్ దారి

మన తెలుగువాళ్ల అదృష్టం ఏమంటే, ఈ విషయంలో దేశానికే పెద్ద సంస్థ మన సికింద్రాబాదులో ఉంది. బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టారు. పాతవాళ్లు ఇంకా ఎన్.ఐ.ఎం.హెచ్. అనే అంటారు కానీ ఇప్పటి పేరు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. మన దేశంలో ఆటిజం ఎంత ఉందో లెక్కకట్టే నలభై అంశాల కొలబద్దను తయారుచేసింది ఈ సంస్థే. అక్కడ పరీక్షలు చేస్తారు, పిల్లలతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకు నేర్పుతారు. ఉదయాన్నే వెళ్లండి. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. బయటి ఊరివాళ్లయితే బసకు ఏం ఏర్పాటుందో ముందే కనుక్కుని బయల్దేరండి. దక్షిణ కోస్తా, రాయలసీమల వాళ్లకు నెల్లూరులో ఇదే సంస్థ కింద ప్రాంతీయ కేంద్రం ఉంది. 2021లో ఈ రెండు చోట్లా చిన్నపిల్లల కోసం సత్వర చికిత్సా కేంద్రాలు కూడా తెరిచారు.

థెరపీకయ్యే ఖర్చు సంగతి చెప్పాలి. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్న వాళ్ల కోసమే చేసింది. ఆ ట్రస్టువారి ఆరోగ్య బీమా పేరు 'నిరామయ'. ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది. ముందుగా వైద్య పరీక్షలు అడగరు, వయసుతో పని లేదు. థెరపీ ఖర్చులకూ అందులో కొంత భాగముంది. ట్రస్టులో రిజిస్టరైన సంస్థల ద్వారా చేర్పించుకోవచ్చు. మా వీధిలో ఎల్.ఐ.సి. ఏజెంట్లు నలుగురున్నారు. 'నిరామయ' అంటే నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు!

ఇంకో జాగ్రత్త. తల్లి భయం ఎక్కడుంటే వ్యాపారం అక్కడ వాలుతుంది. 'ఆర్నెల్లలో తగ్గిస్తాం' అన్నవాళ్ల గుమ్మం తొక్కకండి. ఆటిజం రోగం కాదు తగ్గడానికి. అది మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా. మాట, పని, మెలకువ నేర్పవచ్చు, బతుకు సులువు చెయ్యవచ్చు. స్టెమ్ సెల్స్ పేరుతో లక్షలు అడిగే వాళ్లున్నారు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చెయ్యడం లేదని జాతీయ మెడికల్ కమిషన్‌కు చెందిన బోర్డు 2022లోనే చెప్పింది. స్పెషల్ ఎడ్యుకేటర్ అని చెప్పుకునే వాళ్లను ఆర్.సి.ఐ. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. పని వచ్చినవాళ్లు ఏమీ అనుకోరు.

పద్దెనిమిది దాటాక

పసివాళ్లకు ఏదో ఒక గుమ్మం ఉంటుంది. పిల్లాడికి మీసాలు రాగానే గుమ్మాలు మూసుకుంటాయి. థెరపీ సెంటర్లవాళ్లు 'పెద్దవాళ్లను తీసుకోమండీ' అంటారు. బడి అయిపోతుంది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోతారు. మా తోడికోడలు ఓ రోజు బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, "అక్కా, నా తర్వాత వీడి కంచంలో అన్నం ఎవరు పెడతారు?" అంది. ఇలాంటి బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న ఉంటుంది. పైకి అనేవాళ్లు తక్కువ.

చట్టం ప్రకారం పద్దెనిమిది నిండిన బిడ్డకు తల్లీతండ్రీ తమంతట తాము గార్డియన్లు కారు. బ్యాంకులోనో, ఆస్తి కాగితాల దగ్గరో ఈ సంగతి హఠాత్తుగా బయటపడుతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాకో స్థానిక కమిటీ ఉంటుంది. దానికి కలెక్టరుగారే పెద్ద. ఓ స్వచ్ఛంద సంస్థ ప్రతినిధీ, వైకల్యం ఉన్న ఒక వ్యక్తీ అందులో సభ్యులు. గార్డియన్‌గా నియమించమని తల్లిదండ్రులో, బంధువులో అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. గార్డియన్ అయినవారు ఆరు నెలల్లో బిడ్డ ఆస్తిపాస్తుల జాబితా ఇవ్వాలి. ఆపైన ఏటా లెక్క చూపాలి. అంటే రేపు మనం లేకపోయినా అడిగేవాళ్లుంటారన్నమాట.

అయితే అందరికీ గార్డియన్ అవసరం లేదు. తన నిర్ణయాలు తను తీసుకోగలవాళ్లు ఎంతోమంది. ఆటిజం ఉందని పాతికేళ్లు దాటాక తెలిసినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఆడపిల్లలకు మరీ ఆలస్యంగా తెలుస్తుంది. మెల్లగా, ఒద్దికగా, నలుగురినీ చూసి అనుకరిస్తూ పెరిగిన పిల్లని 'సిగ్గరి' అని మెచ్చుకుంటాం కానీ లోపల ఎంత అలసిపోతోందో ఎవరడిగారు? అలాంటి అనుమానం ఉన్న పెద్దవాళ్లు మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. దిగులూ, ఆందోళనా ఎక్కువైతే 14416కి ఫోన్ చెయ్యవచ్చు. అది 2022లో మొదలైన 'టెలిమానస్'. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తల్లులు కలిస్తేనే...

ఇన్ని చెప్పాను కదా, వీటిలో సగం మాకు చెప్పింది ఏ ఆఫీసరూ కాదు. ఆసుపత్రి బల్ల మీద పక్కన కూర్చున్న ఇంకో అమ్మ.

ఇది ఇవాళ్టి కథ కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు ఆటిజం గురించి మొదట వివరంగా రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అక్కడి నిపుణులు తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని నిందవేశారు. ఆ నింద మోస్తూనే 1962లో లండన్‌లో కొందరు తల్లిదండ్రులు కలిసి సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో లోర్నా వింగ్ ఒకరు. ఆవిడ మానసిక వైద్యురాలు, ఆటిజం ఉన్న అమ్మాయికి తల్లి కూడా. సంఘం పెట్టిన కొన్నేళ్లకే బడి కూడా తెరిచారు. మన దేశంలో 1991లో ఢిల్లీలో 'యాక్షన్ ఫర్ ఆటిజం' మొదలుపెట్టిన మెర్రీ బారువా కూడా ఓ తల్లే. 1995లో దేశంలోని తల్లిదండ్రుల సంఘాలన్నీ కలిసి 'పరివార్' అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఎక్కడ చూసినా ముందు తల్లులు కూర్చున్నారు, తర్వాతే గోడలు లేచాయి.

మా ఊళ్లోనూ భవిత కేంద్రం దగ్గర కలిసిన ఐదుగురు అమ్మలతో మొదలైంది. నెలకో ఆదివారం, ఒక్కోసారి ఒక్కో ఇంట్లో. టీ, మరమరాలు, ఓ నోటుపుస్తకం. ఆ పుస్తకంలో ఏముందో చెబితే మీరు నవ్వుతారు. మిషన్ చప్పుడు లేకుండా కత్తెరతో జుట్టు కత్తిరించే మంగలి, అదీ రద్దీ లేని మంగళవారం మధ్యాహ్నం. పిల్లాడు నోరు తెరిచేదాకా ఓపిగ్గా ఆగే పళ్ల డాక్టరు. చొక్కా మెడ దగ్గర చీటీ ఊడదీసి కుట్టే టైలరు. కలెక్టరాఫీసులో ఏ కిటికీ దగ్గర ఏ కాగితం ఇవ్వాలో, ఎన్ని జిరాక్సులు కావాలో. ఇవి ఏ సర్కారు పుస్తకంలోనూ ఉండవు.

ఒక అమ్మ అన్నగారికి గాజుల కొట్టుంది. మావాడు ఇప్పుడు రోజూ పొద్దున రెండు గంటలు అక్కడ గాజులు సైజులవారీగా, రంగులవారీగా సర్దుతాడు. రెండుంపావువీ రెండున్నరవీ ఒక్కసారి కూడా కలవవు. నెలాఖరున కొట్టాయన వాడి చేతిలోనే డబ్బు పెడతాడు. వాడు దాన్ని తెచ్చి నేరుగా బియ్యం డబ్బాలో వేస్తాడు. మేమెవ్వరం నేర్పలేదు, వాళ్లమ్మ దాచుకోవడం చూసి నేర్చుకున్నాడు.

మా ఆదివారాలకు ఓ అమ్మాయి కూడా వస్తోంది. ఇరవయ్యారేళ్లు, ఓ ఆఫీసులో లెక్కలు రాస్తుంది. తనకు ఆటిజం ఉందని రెండేళ్ల కిందటే తెలిసింది. మొదటి రోజు మూలన కూర్చుని మా మాటలన్నీ విని, చివర్లో ఒక్కటే అంది: "ఆంటీ, మీరంతా మీ పిల్లల గురించి వాళ్ల ఎదురుగానే, వాళ్లు లేనట్టు మాట్లాడుతున్నారు. మాట రానివాళ్లకి వినపడదనుకోకండి." ఆ రోజు నుంచి మా పద్ధతి మారింది. పిల్లలకు సంబంధించిన ప్రతిదీ ముందు వాళ్లకే చెబుతున్నాం. గాజుల కొట్టు సంగతీ అలాగే మావాణ్ణే అడిగాం. నాలుగు రోజులు కొట్టు ముందు నిలబడి చూసి, ఐదో రోజు తనే లోపలికి నడిచాడు.

మీ ఊళ్లో ఇలాంటి సంఘం ఉందేమో కనుక్కోండి. భవిత కేంద్రంలో, డైక్‌లో, థెరపీ సెంటరు బయట బల్లల దగ్గర అడగండి. లేదంటారా? మీరూ ఇంకో అమ్మా కలిస్తే మొదలైనట్టే. నాన్నల్నీ, నాయనమ్మల్నీ, అన్నదమ్ముల్నీ పిలవండి. రేపు బిడ్డకు తోడుండేది వాళ్లే. మొదటి నెలలో యు.డి.ఐ.డి. కార్డు లేని పిల్లలెవరో చూసుకోండి. రెండో నెలలో నిరామయ. పద్దెనిమిదికి దగ్గరపడిన బిడ్డలుంటే కలెక్టరాఫీసుకు ఒక్కరుగా కాదు, నలుగురుగా వెళ్లండి. ఒక్క తల్లి వెళితే 'రేపు రామ్మా' అంటారు. నలుగురు వెళితే కుర్చీలు వేస్తారు.

ఇంట్లో ఇలాంటి బిడ్డ లేనివాళ్లూ ఒక పని చెయ్యవచ్చు. మీ వీధిలో పేరంటాలకు రావడం మానేసిన ఓ అమ్మ ఉండే ఉంటుంది. 'బిడ్డని కూడా తీసుకురా వదినా, ఏం ఫర్వాలేదు' అని ఒక్క మాట అనండి. ఆ ఇంటికి అన్నిటికంటే దగ్గర్లో ఉన్న సహాయ కేంద్రం మీ గుమ్మమే.