పాత పంట రుణం బాకీ చూపిస్తోందా? ఇంటి రుణానికి ముందు ఇలా చేయండి

ఊళ్లో పంట రుణం తీసుకుని, ఇప్పుడు లాలాగూడలో ఉంటూ అక్కడే ఇల్లు కొనాలనుకునే రైతు కుటుంబాలు ముందుగా సిబిల్ స్కోరు చూసుకోవాలి. ఇది 300 నుంచి 900 వరకు ఉంటుంది. పాత బాకీ ఉంటే స్కోరు పడిపోయి, గృహ రుణం ఆగిపోవచ్చు.

• సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి.
• కట్టేసిన లేదా మాఫీ అయిన రుణం ఇంకా బాకీగా కనిపిస్తే, బ్యాంకులో నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు రూ.100 పరిహారం అడగవచ్చు.
• రాయితీతో ముగించిన రుణం ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. అది పూర్తిగా తీరినట్టు కాదు.
• మంచి స్కోరున్న కుటుంబ సభ్యుడితో కలిసి దరఖాస్తు చేస్తే అవకాశం మెరుగవుతుంది.
• డబ్బులిస్తే స్కోరు పెంచుతామనే దళారులను నమ్మవద్దు.