మీకు తెలుసా? రాజుగారు ఓ అడుగు పెరిగారు!

డెన్మార్క్‌లోని రోస్కిల్డె కెథడ్రల్‌లో ఒక రాతి స్తంభం మీద రాజుల ఎత్తులు గీతలుగా చెక్కి ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే పైనున్న గీత ప్రకారం మొదటి క్రిస్టియన్ రాజు ఎత్తు 219 సెంటీమీటర్ల పైమాటే! అంటే ఏడడుగుల రెండంగుళాలు. 1481లో కన్నుమూసిన ఆయన సమాధి అక్కడే, ఆ స్తంభమున్న మందిరంలోనే ఉంది. అస్థిపంజరాన్ని పరిశీలిస్తే తేలిన అసలు ఎత్తు సుమారు 188 సెంటీమీటర్లు. ఆరడుగుల రెండంగుళాల మనిషి ఆ కాలానికి ఆజానుబాహువే. అయినా గీత మాత్రం ఇంకో అడుగు పైకి జరిగింది.

1716లో డెన్మార్క్ వచ్చిన రష్యా చక్రవర్తి పీటర్ ది గ్రేట్ గీత కూడా ఇక్కడుంది: 208 సెంటీమీటర్లు. అన్నిటికంటే కిందిది ఏడో క్రిస్టియన్‌ది, 164. స్తంభం పక్కన నిలబడితే మనలో చాలామంది ఎత్తు ఈ రాజుగారితో సరితూగుతుంది. నాకు అన్నిటికంటే నచ్చేది ఈ గీతే. బహుశా ఎవరూ పెంచి గీయనిది ఇదొక్కటేనేమో.

1170ల ప్రాంతంలో ఇటుకలతో కట్టడం మొదలుపెట్టిన ఈ చర్చిలో దాదాపు 40 మంది డేనిష్ రాజులు, రాణుల సమాధులున్నాయి. 1995 నుంచి ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడం. వెళ్తే గంట కొట్టే వేళకు పాత గడియారం కింద నిలబడండి. సెయింట్ జార్జ్ గుర్రమెక్కి డ్రాగన్‌ను పొడుస్తాడు, అది గట్టిగా అరుస్తుంది. కోపెన్‌హేగెన్ నుంచి రైల్లో అరగంట ప్రయాణం.