పెద్దనాన్న ట్రంకుపెట్టెలో ఫుట్‌బాల్ హీరోలు!

‘మైదాన్’ చూశారా? అదేనండీ, 2024లో వచ్చిన హిందీ సినిమా... అజయ్ దేవగణ్ ఫుట్‌బాల్ కోచ్‌గా వేశాడే, అది! కలెక్షన్ల సంగతి అలా ఉంచండి. ఆ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాదు మనిషేనని మన కుర్రకారులో ఎంతమందికి తెలుసు?

నాకూ అంతంతమాత్రంగానే తెలుసు. తెలియజెప్పింది మాత్రం సినిమా కాదు, సికిందరాబాదులో మా పెద్దనాన్న ట్రంకుపెట్టె!

ఇల్లు సున్నాలకని సామాను దించుతుంటే అటకమీద దొరికింది. “పాత పేపర్లవాడికి వేసెయ్ నాయనా, పీడా పోతుంది” అంది పెద్దమ్మ. మూత తీశానో లేదో గుప్పున కలరా ఉండల వాసన! లోపల గాలిపోయిన తోలుబంతి... బూటుకున్నట్టు దానికీ లేసు! వానలో తడిస్తే రాయిలా బరువెక్కేదట. తలతో కొట్టినప్పుడు ఆ లేసు నుదుటికి తగిలిందా, ఇక చూస్కోండి! దానికింద ఒక విజిల్, బొత్తెడు పేపరు కటింగులు, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గ్రూపు ఫొటో.

ఆ జట్టంటే మాటలా! బొంబాయి రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు గెలిచింది. 1950లోనే ఢిల్లీ డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్‌ని ఓడించింది. తయారుచేసింది రహీమ్ సాబే. స్కూలు మాస్టారుగా పనిచేసిన మనిషి మరి! 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. అదే కోచ్ నాలుగేళ్లకల్లా మెల్‌బోర్న్‌లో జట్టుని నాలుగో స్థానానికి తీసుకెళ్లాడు. అందులో మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు.

ఇక క్లైమాక్స్ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్! స్టేడియం నిండా మనవాళ్లని గేలిచేసే జనం. డిఫెన్స్ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకి కుట్లు. అయినా ఫైనల్లో అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు రహీమ్ సాబ్. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు... దక్షిణ కొరియాపై 2-1! ఏ కథా రచయిత రాసినా “మరీ సినిమాటిక్‌గా ఉంది గురూ” అనరూ? తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న కేన్సర్‌తో రహీమ్ సాబ్ పోయారు. ఏషియన్ గేమ్స్‌లో మన పురుషుల జట్టుకి ఆ స్వర్ణం మళ్లీ దక్కనే లేదు.

పెద్దనాన్నకిప్పుడు ఎనభై ఆరు. పొద్దున టిఫినేం తిన్నాడో సాయంత్రానికి గుర్తుండదు. నన్నొక్కోసారి మా నాన్న పేరుతో పిలుస్తాడు. అలాంటిది, ఆ గ్రూపు ఫొటో చేతికిస్తే కళ్లు మెరిశాయి! “ఇదిగోరా నూర్... ఇతను అజీజుద్దీన్... ఇతన్ని దాటి బంతి పోయేది కాదురా!” అంటూ వేలుపెట్టి గడగడా చెప్పుకుపోయాడు. చివర నిలబడ్డ ఒక కుర్రాడి దగ్గర మాత్రం వేలు ఆగింది. “వీడు... వీడు...” ఎంతసేపు చూసినా ఆ పేరు రాలేదు. ఫొటో వెనకా ఏం రాసిలేదు.

అప్పుడనిపించింది నాకు, ఒక్క రహీమ్ సాబ్‌ని సినిమా వెతికి పట్టుకుంది. మిగతావాళ్లని ఎవరు పట్టుకుంటారు? బలరాం కూడా 2023 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. ఇక మిగిలింది ఇలాంటి పెట్టెలూ, వాటిలో బొమ్మల్ని గుర్తుపట్టగల నలుగురు పెద్దవాళ్లూ!

కనక అభిమాన మిత్రులారా, నచ్చిన హీరో స్టిల్సు పుస్తకాల్లో దాచుకుంటాం కదా... ఈ ఆదివారం మ్యాట్నీకి వెళ్లేముందు ఒక్క గంట మీ తాతయ్యల దగ్గర కూచోండి. అటకమీద పెట్టె దించండి. ఫొటోలో ఎవరెవరో అడిగి, పెన్సిల్‌తో వెనక రాసిపెట్టండి. మ్యాట్నీకి టిక్కెట్టు దొరక్కపోతే మళ్లీ ఆట ఉంటుంది... తాతయ్యల జ్ఞాపకానికి సెకండ్ షో లేదు!