హార్ట్‌బ్లీడ్: సరిచూడని ఒక పొడవు

హార్ట్‌బ్లీడ్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో రెండేళ్లకు పైగా దాగి ఉండి, 2014 ఏప్రిల్ 7న బయటపడిన భద్రతా లోపం. రహస్యాలకు కాపలా కాయవలసిన సాఫ్ట్‌వేరే, ఈ లోపం వల్ల సర్వర్ మెమరీలో ఉన్నవాటిని ముక్కూమొహం తెలియనివారికి అందించింది.

ద్రాక్షారామంలో ఒకరు ఫోన్‌లో బ్యాంకు ఖాతా తెరిస్తే, వారి పాస్‌వర్డ్ బ్యాంకు సర్వర్‌కు చేరేలోపు ఎన్నో యంత్రాలు దాటుతుంది. దారిలో ఎవరూ చదవకుండా దాన్ని గుప్తలిపిలోకి మార్చే పద్ధతి టీఎల్ఎస్. 1995లో నెట్‌స్కేప్ సంస్థ విడుదల చేసిన ఎస్ఎస్ఎల్‌కు ఇది వారసురాలు. టీఎల్ఎస్ పేరుతో తొలి ప్రమాణం 1999లో వచ్చింది. ఇందులోని గణితాన్ని ఏ సంస్థకు ఆ సంస్థ మొదటినుంచి రాసుకోదు, సిద్ధంగా ఉన్న లైబ్రరీని వాడుకుంటుంది. ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ రాసిన కోడ్ పునాదిగా 1998 డిసెంబరులో మొదలైన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అలాంటిదే. ఉచితంగా దొరకడం, మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉండడం వల్ల అది ప్రపంచమంతా వ్యాపించింది.

కనెక్షన్‌లో కాసేపు సమాచారం ఏదీ నడవకపోతే అవతలి యంత్రం ఉందో లేదో తెలియదు. ప్రతిసారీ కనెక్షన్‌ను కొత్తగా కుదుర్చుకోవడం ఖర్చుతో కూడిన పని. అందుకే 2012 ఫిబ్రవరిలో హార్ట్‌బీట్ అనే చిన్న పలకరింపు ప్రమాణంగా వెలువడింది. ఒక యంత్రం కొంత సమాచారం పంపితే, రెండోది దాన్నే యథాతథంగా తిప్పి పంపాలి. ప్రమాణ రచయితల్లో ఒకరైన జర్మన్ పరిశోధకుడు రాబిన్ సెగెల్‌మన్ దీని కోడ్‌ను ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు అందించారు. పరిశీలించినవారి కంటికీ లోపం ఆనలేదు. 2011 డిసెంబరు 31న ప్రాజెక్టులో చేరిన ఆ కోడ్, 2012 మార్చి 14న 1.0.1 వెర్షన్‌తో లోకంలోకి వెళ్లింది.

పలకరింపులో నాలుగు భాగాలుంటాయి: రకం తెలిపే 1 బైటు, సమాచారం పొడవు తెలిపే 2 బైట్లు, అసలు సమాచారం, చివర కనీసం 16 బైట్ల పూరకం. పంపిన మాట ‘గోదావరి’ అనుకుంటే, యూటీఎఫ్-8 పద్ధతిలో దానికి 21 బైట్లు పడతాయి. మొత్తం సందేశం 40 బైట్లు. నిజాయితీగల యంత్రం పొడవు గడిలో 21 అని రాస్తుంది. దాడిచేసేవాడు అదే మాట పంపి, పొడవు 65,535 అని రాస్తాడు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఆ అంకెను నమ్మి, సందేశం ఉన్నచోటి నుంచి అన్ని బైట్లూ నకలు తీసి జవాబుగా పంపేది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను రాసిన సీ భాషలో నకలు తీసే ఆదేశం హద్దు దాటామా లేదా అని తనంతట తాను చూసుకోదు. దాంతో ‘గోదావరి’ వెంట, పక్కనున్న మెమరీలోని దాదాపు 65 వేల బైట్లు బయటికి వెళ్లేవి.

ఆ బైట్లలో ఏముంటుందో ముందుగా చెప్పలేం. అప్పుడే లాగిన్ అయిన ఇంకొకరి పాస్‌వర్డ్ కావచ్చు, సర్వర్ తానెవరో నిరూపించుకునే ప్రైవేట్ కీ కావచ్చు. ఎన్నిసార్లైనా అడగవచ్చు, మామూలు లాగ్‌లలో ఆనవాలు మిగలదు. కీ నిజంగా దొరుకుతుందా అని సందేహించిన క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఏప్రిల్ 11న బహిరంగ సవాలు విసిరితే, కొన్ని గంటల్లోనే కొందరు దాన్ని వెలికితీసి చూపించారు.

గూగుల్‌కు చెందిన నీల్ మెహతా, ఫిన్లాండ్‌లోని కోడెనోమికాన్ ఇంజనీర్లు ఎవరికి వారే ఈ లోపాన్ని పట్టుకున్నారు. భద్రతా లోపాల జాబితాలో దీనికి సీవీఈ-2014-0160 అనే సంఖ్య వచ్చింది. లోపం వెల్లడైన రోజే సవరించిన 1.0.1జీ వెర్షన్ విడుదలైంది. సవరణలోని కీలకం ఒక్క పోలిక: 1, 2, చెప్పిన పొడవు, 16 కలిపితే వచ్చే మొత్తం అందిన సందేశం కంటే ఎక్కువైతే, జవాబివ్వకుండా వదిలేయాలి. 21 అని చెబితే 40 వస్తుంది, సరిపోతుంది. 65,535 అని చెబితే 65,554 వస్తుంది, అబద్ధం దొరికిపోతుంది.

కోడ్ మార్చినంత మాత్రాన పని పూర్తికాలేదు. పాత కీలు అప్పటికే పరుల చేతిలో పడి ఉండవచ్చు కనుక కొత్త కీలు, కొత్త సర్టిఫికెట్లు తీసుకుని, పాతవాటిని రద్దుచేసి, వాడుకరుల పాస్‌వర్డ్‌లు మార్పించాల్సి వచ్చింది. ఆలోపే కెనడా పన్నుల శాఖ నుంచి సుమారు 900 మంది సామాజిక బీమా సంఖ్యలు చోరీ అయ్యాయి.

ఇంతమంది ఆధారపడిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసేది ఒక్కరే. గోదావరి డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తేనే శివారు చేలకు నీరందుతుంది. అందరూ వాడే సాఫ్ట్‌వేర్‌కూ అలాంటి ఏటేటి మరమ్మతు కావాలి. దానికి మనుషులూ డబ్బూ కేటాయించాలన్న ఎరుక ఈ లోపంతోనే బలపడింది. లోపం బయటపడిన నెలలోనే లినక్స్ ఫౌండేషన్ పెద్ద కంపెనీల నిధులతో కోర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇనిషియేటివ్‌ను ప్రారంభించింది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కోడ్ నుంచి ఓపెన్‌బీఎస్‌డీ బృందం లిబ్రెఎస్ఎస్ఎల్‌ను, గూగుల్ బోరింగ్‌ఎస్ఎస్ఎల్‌ను వేరు శాఖలుగా తీశాయి. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కూడా సిబ్బందిని పెంచుకుని కోడ్‌ను ప్రక్షాళన చేసింది. 2018లో వచ్చిన 1.1.1 వెర్షన్‌తో హార్ట్‌బీట్‌ను పూర్తిగా తొలగించింది.