చేపలకు విడిచిన చోటు

ఫిలిప్పీన్స్‌లోని నీగ్రోస్ దీవి దక్షిణ కొసన మలటపాయ్ అని ఓ తీరపు ఊరు. అక్కడ బుధవారం సంత. పశువుల నుంచి చేపల దాకా అన్నీ అమ్ముడవుతాయి. ఆ ఒడ్డునే, రెండు పక్కలా వెదురు బొంగులు కట్టిన పడవ ఎక్కితే అరగంటలో అపో దీవికి చేరతాం. దీవి మొత్తం 74 హెక్టార్లు, అంటే నూట ఎనభై ఎకరాల పైచిలుకు. సుమారు వెయ్యి మంది జనం. ఒడ్డున పడవలు, వెనక కొండవాలు, మధ్యలో ఇళ్లు.

ఇంత చిన్న దీవి పేరు సముద్ర జీవశాస్త్రం చదువుకునే చోటల్లా వినిపిస్తుంది. 1982లో ఇక్కడి మత్స్యకారుల్లో కొందరు తమ పగడపు దిబ్బల్లో ఓ ముక్కను వేటకు మూసేశారు. ఏ ప్రభుత్వమూ వాళ్లపై ఒత్తిడి తేలేదు, ఎవరూ డబ్బు ఇవ్వలేదు. ఆ రోజు పడిన చేపతోనే ఆ రోజు పొయ్యి వెలిగే కుటుంబాలు అంతటి నిర్ణయానికి ఎలా వచ్చాయన్నది తెలుసుకోదగ్గ కథ. పర్యావరణం గురించి జనానికి చెప్పాలని బయల్దేరే ప్రతి ఒక్కరూ ముందుగా ఈ కథ వినాలని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ ప్రాంతమంతా పేలుడు మందు మిగిలిపోయింది. దాన్ని సీసాల్లో కూరి నీళ్లలోకి విసిరితే చచ్చిన చేపలు తేలేవి. వాటితోపాటు పగడాలూ తునకలయ్యేవి. తర్వాత సయనైడ్ వచ్చింది. సన్నకన్ను వలలు వచ్చాయి. రాళ్లు కట్టిన తాళ్లతో దిబ్బలను దబదబా కొట్టి చేపలను వలలోకి తరిమే మురోఆమీ వచ్చింది. పగడపు దిబ్బ చేపలకు ఇల్లు మాత్రమే కాదు, మేతా అక్కడే, గుడ్లు పెట్టేదీ అక్కడే. అది పిండైపోతే వేటగాడికి మిగిలేది ఉప్పునీరు. డెబ్భైల చివరికల్లా అపో వాళ్లకు దగ్గర్లో ఏమీ పడక, పడవ వేసుకుని కిలోమీటర్ల కొద్దీ దూరం పోవాల్సి వచ్చేది.

నీగ్రోస్ ఒడ్డున ఉన్న దుమగెటే పట్టణంలో సిల్లిమాన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ జీవశాస్త్రం చెప్పే ఆంజెల్ అల్కాలా చేపల చెరువుల మీద ఆధారపడి బతికిన కుటుంబం నుంచి వచ్చిన మనిషి. స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, చాలాకాలం కప్పలు, బల్లుల మీద పరిశోధన చేశారు. దిబ్బలు పాడవుతుంటే చూస్తూ ఊరుకోలేక సముద్రం వైపు తిరిగారు. 1974లో, సెబూ దీవికి చెందిన ఓస్లోబ్ పట్టణానికి ఎదురుగా జనావాసం లేని సుమిలోన్ దీవి పక్కన, దిబ్బలో ఓ భాగంలో వేట నిలిపివేయించారు. కొన్నేళ్లకే అక్కడ చేపలు గుంపులు కట్టాయి.

1979లో అల్కాలా, ఆయన సహచరులు అపోకు వచ్చారు. వచ్చి ఏం చెప్పారు? చిన్న చేపను వదిలేస్తే పెద్దదవుతుంది. పెద్ద ఆడచేప పెట్టే గుడ్లు, చిన్నవి చాలా కలిసి పెట్టే వాటికంటే ఎక్కువ. కాబట్టి కొంత చోటు వదిలేస్తే అక్కడ పెరిగినవి పొంగి చుట్టుపక్కలకు వస్తాయి. మాట సరైనదే. కానీ తాతల నాటి నుంచీ సముద్రం మీదే ఉన్నవాళ్లకు పట్నం నుంచి వచ్చిన మాస్టార్లు సముద్రం గురించి చెబితే వెంటనే నమ్మకం కుదరదు. కుదరకపోవడమే సహజం. చెప్పిన మాట వట్టిదైతే నష్టపోయేది మాస్టార్లు కాదు గదా.

అందుకే అల్కాలా బృందం కొందరు మత్స్యకారులను పడవెక్కించి సుమిలోన్ తీసుకెళ్లింది. నిండుగా చేపలున్న దిబ్బను వేటగాళ్లు తమ కళ్లతో చూశారు. ఏ నీళ్లలో ఎంత చేప ఉందో అంచనా కట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు కాబట్టి, ఆ తర్వాత ఉపన్యాసాల అవసరం తగ్గింది. అయినా మాటలు మూడేళ్లు సాగాయి. ఈ మూడేళ్ల దగ్గర నేను ఆగిపోతాను. మన దగ్గర అవగాహనా కార్యక్రమం అంటే ఒక పూట సభ, ఒక బ్యానరు, ఒక ఫొటో. మూడేళ్లపాటు అవే ఇళ్లకు, అవే మనుషుల దగ్గరికి వెళ్లి, అవే సందేహాలకు ఓపిగ్గా జవాబు చెప్పడానికి ఏ శాఖ దగ్గర బడ్జెట్ పద్దు ఉంది?

చివరికి ఒప్పుకున్నవి పద్నాలుగు కుటుంబాలే. ఊరి పెద్ద ఆ కుటుంబాల పక్షాన నిలబడటంతో పని మొదలైంది. ఒడ్డు వెంట 450 మీటర్ల మేర, పగడాలు బాగున్నా చేప పెద్దగా లేని చోటును ఎంచుకున్నారు. నష్టం తక్కువ, ఆశ ఎక్కువ ఉన్న చోటది. కాపలాకు ఒడ్డున ఒక మనిషి కూర్చుంటే చాలు, నీళ్లు మొత్తం కనిపిస్తాయి. కుటుంబాలు వంతులేసుకున్నాయి. రెండు మూడేళ్లలో లోపల చేప పెరగడం, దాపున గాలం వేసినవాళ్లకు ఎక్కువ పడటం మిగతావాళ్లూ గమనించారు. 1985కల్లా ఊరంతా ఒక్కటైంది. దీవి తన పరిధిలో ఉన్న డావిన్ పురపాలక సంఘం ఆ కట్టడికి చట్టబద్ధత కల్పించింది. దీవి చుట్టూ మందుగుండు, సయనైడ్, సన్నకన్ను వలలు నిషేధం. బయటివాళ్లకు వేట లేదు. గాలం, వెదురు మావులు, పెద్దకన్ను వలలు మిగిలాయి. విశ్వవిద్యాలయం తరఫు కార్యకర్తలు దీవిలోనే కాపురముండి పనిచేశారు. ఊరివాళ్లతోనే సముద్ర నిర్వహణ కమిటీ ఏర్పడింది.

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త గ్యారీ రస్, అల్కాలా కలిసి ఏళ్ల తరబడి అక్కడ చేపలు లెక్కపెట్టారు. పెద్ద వేటచేపల సాంద్రత 1983 నుంచి పదేళ్లలో ఏడింతలు పెరిగింది. పార జాతి, సర్జన్ చేపల మొత్తం బరువు మూసిన నీళ్లలో పద్దెనిమిదేళ్లకు మూడింతలైంది.

ఇంతకీ దారి చూపిన సుమిలోన్ ఏమైంది? 1984లో అక్కడి కాపలా కూలిపోయింది. మత్స్యకారులు మూసిన భాగంలోకి చొరబడి వేటాడారు. నిషేధం పోయింది కాబట్టి పట్టుబడి పెరగాలి కదా. కానీ రెండేళ్లలోపే ఆ దీవి మొత్తం మీద పట్టుబడి 54 శాతం పడిపోయింది. మూసిన చోటే చుట్టూ ఉన్న నీళ్లకు చేపను అందిస్తోందనడానికి ఇంతకంటే పెద్ద రుజువు శాస్త్రానికి అప్పటికి దొరకలేదు. రెండు చోట్లా ఒకే శాస్త్రం, ఒకే విశ్వవిద్యాలయం, ఒకే అల్కాలా. తేడా ఎక్కడంటే, సుమిలోన్ నిబంధన కాగితం మీద, అధికారుల చేతుల్లో ఉంది. అపో నిబంధన కాపలా కాసినవాళ్ల సొంతం.

ఇక మన సంగతికొస్తే, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేట ఆగిపోతుంది. చేప గుడ్లు పెట్టే కాలం గనక ఆపడం సరైందే. కానీ ఉప్పాడలోనో, నిజాంపట్నంలోనో ఆ నిషేధం ఫలితాన్ని మత్స్యకారుల ముందు పెట్టి, వాళ్లతోనే కొలిపించి, వాళ్లతోనే లెక్క రాయించే పని ఊరూరా జరగాలి. నిషేధం తేదీలు అందరికీ తెలుసు. దానివల్ల తమ నీళ్లలో ఏం మారిందన్నది తమ చేతి లెక్కలో కనిపించాలి.

అపో కథలో అంతా వెలుగే లేదు. అల్కాలాకు 1992లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఆయన దేశ పర్యావరణ మంత్రి అయ్యారు. 1994లో దీవి జాతీయ రక్షిత ప్రాంతమైంది. దాంతో ఊరి కమిటీ చేతిలోని అధికారం ప్రభుత్వ బోర్డుకు వెళ్లింది. తాము నిలబెట్టుకున్నది తమ చేతుల్లోంచి జారిపోయిందన్న బాధ ఊళ్లో మిగిలింది. ఆ బాధ న్యాయమైనదే. మరోపక్క ఆదాయం పెరిగింది. తాబేళ్లను, పగడాలను చూడటానికి ఈతగాళ్లు దేశదేశాల నుంచి వస్తున్నారు. వాళ్లిచ్చే రుసుముల్లో ఎక్కువ భాగం దీవికే చేరుతుంది. ఆడవాళ్లు బట్టలు అమ్ముకుంటున్నారు. వేట మీదే బతికిన ఇళ్ల పిల్లలు ఒడ్డు దాటి కాలేజీలకు వెళ్తున్నారు.

2011 డిసెంబరులో ఒక తుపాను, 2012 డిసెంబరులో మరొకటి దీవిని తాకాయి. ముప్ఫై ఏళ్లు కాపాడుకున్న ఆ 450 మీటర్ల దిబ్బే అలల దెబ్బకు ఎక్కువగా చితికిపోయింది. పగడాలు విరిగి రాళ్లకుప్పలయ్యాయి. ఇంకెందుకీ కట్టడి, వల వేసేద్దాం అనడానికి అంతకంటే మంచి సాకు దొరకదు. ఊరు అలా అనలేదు. ఆ ముక్కను ఈతగాళ్లకు కూడా మూసేసింది. పగడం మళ్లీ మొలిచేదాకా ఎవరూ దిగకూడదన్నారు. పర్యాటకుల డబ్బు కొంత తగ్గుతుందని తెలిసే ఆ నిర్ణయం తీసుకున్నారు. వేట నిషేధం మాత్రం 1982లో పెట్టుకున్నట్టే అక్కడ ఇప్పటికీ అమల్లో ఉంది.