12.4 వేర్వేరు కంపెనీల రౌటర్లు కలిసి పనిచేయడం

డేటా ప్యాకెట్లకు దారి చూపే పరికరం రౌటరు అని గత విభాగంలో తెలుసుకున్నారు. రౌటర్లు తమకు తెలిసిన దారులను ఒకదానికొకటి తెలియజేసుకోవడానికి పాటించే నియమాలను రౌటింగ్ ప్రోటోకాల్ అంటారు. ఒక బ్యాంకు వేర్వేరు సంవత్సరాలలో కొన్న రౌటర్లన్నీ ఒకే కంపెనీవి కాకపోవచ్చు. అవి పొసగకపోతే శాఖకూ ప్రధాన కార్యాలయానికీ సంబంధం తెగిపోతుంది. కౌంటరు ముందు నిలబడిన ఖాతాదారు పని ఆగిపోతుంది. ఇందుకు మూడు ముఖ్య కారణాలున్నాయి.

(అ) ప్రోటోకాల్ వేరు కావడం

ఆర్.ఐ.పి. 1988లోను, ఓ.ఎస్.పి.ఎఫ్. 1989లోను బహిరంగ పత్రాలుగా వెలువడ్డాయి. వాటిని ఏ కంపెనీ అయినా వాడుకోవచ్చు. ఇ.ఐ.జి.ఆర్.పి.ని మాత్రం సిస్కో కంపెనీ 1990లలో తన రౌటర్ల కోసం రూపొందించింది. దాని వివరాలు 2016లో ఆర్.ఎఫ్.సి. 7868గా ప్రచురితమైనా, ఇతర కంపెనీల రౌటర్లలో అది అరుదు. అందువల్ల మిశ్రమ నెట్‌వర్క్‌లో ఓ.ఎస్.పి.ఎఫ్. వంటి బహిరంగ ప్రోటోకాల్‌ను ఎంచుకోవడం మేలు.

(ఆ) ప్రోటోకాల్ ఒకటే అయినా విలువలు కలవకపోవడం

ఓ.ఎస్.పి.ఎఫ్.లో పక్కపక్క రౌటర్లు 'హలో' సందేశాలు పంపుకుంటాయి. ఈథర్‌నెట్‌పై సాధారణంగా ఇవి 10 సెకన్లకొకసారి వెళతాయి. 40 సెకన్లపాటు సందేశం రాకపోతే పక్క రౌటరు లేనట్లే లెక్క. ఈ రెండు విలువలూ, ఏరియా సంఖ్యా రెండు వైపులా ఒకటిగా ఉండాలి.

ఎం.టి.యు., అంటే ఒకసారికి పంపగల గరిష్ఠ పరిమాణం, కూడా సరిపోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. సిస్కో రౌటర్లలో సాధారణంగా 1500 అంటే ఐ.పి. ప్యాకెట్ పరిమాణం. జునిపర్ రౌటరులో భౌతిక ఇంటర్‌ఫేస్‌కు ఇచ్చే విలువలో 14 బైట్ల ఈథర్‌నెట్ శీర్షిక కూడా కలుస్తుంది. అక్కడ కూడా 1500 అని రాస్తే ఐ.పి.కి మిగిలేది 1486 మాత్రమే. అప్పుడు హలోలు చేరతాయి, కాని దారుల వివరాల మార్పిడి మొదట్లోనే నిలిచిపోతుంది.

(ఇ) దారులను ఒక ప్రోటోకాల్ నుంచి మరొకదానికి మార్చడం

రెండు ప్రోటోకాల్‌లు ఉంచక తప్పనప్పుడు సరిహద్దు రౌటరు దారులను మార్చి అందిస్తుంది. అయితే వాటి కొలమానాలు వేరు. ఆర్.ఐ.పి. మధ్యలో దాటవలసిన రౌటర్లను లెక్కిస్తుంది. 15 దాటితే ఆ దారి లేనట్లే. ఓ.ఎస్.పి.ఎఫ్. ప్రతి లింకుకూ ఇచ్చిన ఖర్చును కూడుతుంది. సరిహద్దు రౌటర్లు రెండు ఉంటే, ఒకటి పంపిన దారిని రెండవది కొత్తదనుకొని వెనక్కి పంపవచ్చు. ప్యాకెట్లు గానుగెద్దులా అక్కడక్కడే తిరిగి చివరికి నశిస్తాయి. మార్చిన దారికి ఒక గుర్తు తగిలించి, ఆ గుర్తున్న దారిని వెనక్కి తీసుకోవద్దని ఆదేశించడమే దీనికి నివారణ.

పాఠ్యగత ప్రశ్న

హలోలు అందుతున్నాయి, కాని దారుల మార్పిడి జరగడం లేదు. మొదట ఏమి పరిశీలిస్తారు?

జవాబు: రెండు వైపులా ఐ.పి. ఎం.టి.యు. సమానంగా ఉందో లేదో.