ఒక్క షాట్‌కే చంపే గన్ ఉన్నా గేమ్ బ్యాలెన్స్‌గా ఎలా ఉంటుంది?

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్ చదువుతున్నాడు. "అన్నా, ఒక ఐదొందలు ఫోన్‌పే చెయ్యవా, అమ్మకి చెప్పకు" అన్నాడు. ఎందుకురా అంటే, వాడు ఆడే షూటర్ గేమ్‌లో కొత్త గన్ స్కిన్ వచ్చిందంట. అది కొంటే రంగు మారడమే కాదు, డ్యామేజ్ కూడా పెరుగుతుందంట. "అందరి దగ్గరా ఉందన్నా, నేనొక్కడినే చస్తున్నా. అసలు ఈ గేమ్‌లో బ్యాలెన్సే లేదు" అని వాడి బాధ.

డబ్బులు పంపానో లేదో చివర్లో చెప్తా. ముందు బ్యాలెన్స్ అంటే ఏంటో చూద్దాం.

అన్ని గన్స్ సమానంగా ఉండటమే బ్యాలెన్స్ అని చాలామంది అనుకుంటారు. కానీ అన్నీ సమానమైతే ఏది తీసుకోవాలా అని ఆలోచించే పనే ఉండదు. గన్ ఎంత బలంగా ఉన్నా పర్లేదు, ఆ బలానికి తగ్గ ధర ఆటలోనే కట్టాలి. అదీ బ్యాలెన్స్.

దీనికి మంచి ఉదాహరణ కౌంటర్ స్ట్రైక్. 1999లో హాఫ్ లైఫ్ గేమ్‌కి మాడ్‌గా మొదలైంది, 2023లో కౌంటర్ స్ట్రైక్ 2గా వచ్చింది. ఇందులో ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ ఉంది. ఛాతీకి తగిలితే, ఆర్మర్ ఉన్నా సరే, ఒక్క షాట్‌కే అవుట్. వినగానే అన్యాయం అనిపిస్తుంది కదా?

ఇప్పుడు ధర చూడండి. మ్యాచ్ మొదట్లో మీ చేతిలో ఉండేది 800 డాలర్లు, గేమ్ డబ్బే లెండి. ఏడబ్ల్యూపీ ఖరీదు 4750. ఏకే-47తో ఒకడిని చంపితే 300 వస్తాయి, ఏడబ్ల్యూపీతో చంపితే 100 మాత్రమే. అదే కత్తితో చంపితే 1500! కత్తి పట్టుకుని పరిగెత్తితే వేగం 250 యూనిట్లు, ఏడబ్ల్యూపీతో 200. షాట్ మిస్ అయితే బోల్ట్ లాగేలోపు ఎదుటివాడు మీ మీదికి వచ్చేస్తాడు. మీరు చస్తే ఆ గన్ వాడికే దొరుకుతుంది. 2022 నవంబర్‌లో మ్యాగజైన్‌ని కూడా 10 బుల్లెట్ల నుంచి 5కి తగ్గించారు. డ్యామేజ్ మాత్రం ముట్టుకోలేదు. బలం అలాగే ఉంచి, ధర పెంచారన్నమాట.

బీజీఎంఐ ఆడేవాళ్లకి ఇది తెలిసిన విషయమే. ఏడబ్ల్యూఎం దెబ్బకి లెవెల్ 3 హెల్మెట్ కూడా ఆగదు. కానీ క్లాసిక్ మ్యాచ్‌లో అది సాధారణంగా డ్రాప్‌లోనే దొరుకుతుంది. డ్రాప్ దగ్గర లేచే ఎర్ర పొగ చుట్టుపక్కల అందరికీ కనిపిస్తుంది. ఇక్కడ మీరు కట్టే ధర మీ ప్రాణం.

ఇంకో లెక్క. ఏకే-47 డ్యామేజ్ 36. తలకి తగిలితే నాలుగు రెట్లు, అంటే 144. హెల్మెట్ ఉంటే అందులో 77.5 శాతమే లోపలికి వెళ్తుంది, 111 అవుతుంది. ప్రాణం 100 కాబట్టి అవుట్. ఎదుటి టీమ్ వాడే ఎం4ఏ4 డ్యామేజ్ 33. ఇదే లెక్క 70 శాతంతో వేస్తే 92. అంటే మనిషి బతికే ఉంటాడు! పైగా ఎం4 ధర ఏకే కంటే ఎక్కువ. మరి ఇదెక్కడి న్యాయం? ఏకే ఉన్న టీమ్ బాంబు పెట్టడానికి లోపలికి రావాలి. ఎం4 ఉన్న టీమ్ మూల చూసుకుని ముందే కాచుకుని కూర్చోవచ్చు. అటు గన్ బలం, ఇటు చోటు బలం. అందుకే గన్‌ని గన్‌తో మాత్రమే పోల్చకూడదు.

ఈ ధర కాస్త తప్పితే ఏమవుతుందో కూడా చూడండి. ఎస్‌జీ 553 అనే గన్‌ని ప్లేయర్లు క్రీగ్ అంటారు. స్కోప్ ఉంది, ఆర్మర్‌ని లెక్క చెయ్యదు. అయినా చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ కొనలేదు. 2018 అక్టోబర్‌లో ధరని 3000 నుంచి 2750కి తగ్గించారు. అప్పుడు ఏకే 2700. అంటే తేడా 50 మాత్రమే. జనానికి అలవాటు కావడానికి కొంత టైమ్ పట్టింది కానీ, 2019లో ప్రో మ్యాచుల్లో ఎక్కడ చూసినా క్రీగే. ధర మళ్లీ 3000 చేశారు, అయినా వదల్లేదు. దాని రుచి తెలిసిపోయింది కదా! చివరికి 2020లో ఫైరింగ్ వేగమే తగ్గించాల్సి వచ్చింది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు నేర్చుకున్నదీ ఇదే: ఒక్క నంబర్ మార్చడం నిమిషం పని, దాన్ని వాడే మనుషుల్ని వెనక్కి మార్చడం ఏళ్ల పని.

ఇప్పుడు మావాడి స్కిన్ సంగతికి వద్దాం. కౌంటర్ స్ట్రైక్‌లో కూడా స్కిన్స్ ఉన్నాయి, లక్షలు పలికేవీ ఉన్నాయి. కానీ వాటితో ఒక్క పాయింట్ డ్యామేజ్ కూడా పెరగదు. రంగే మారుతుంది, ఆట మారదు. మావాడి గేమ్‌లో అలా కాదు. ఆ బలానికి ధర ఆటలో ఎక్కడా కట్టక్కర్లేదు. స్లో అవ్వడు, రిస్క్ లేదు, డబ్బు దాచుకోనక్కర్లేదు. ధర కట్టేది వాళ్లమ్మ.

కాబట్టి ఇకమీద మీరు చచ్చినప్పుడు ఒక్కటే అడగండి: నన్ను చంపినవాడు ఈ బలానికి ధర ఎక్కడ కట్టాడు? మ్యాచ్ లోపల కట్టి ఉంటే తప్పు మనది, నేర్చుకుందాం. బయట కట్టి ఉంటే, ఆ ఓటమిని మనసులో పెట్టుకోకండి. మీరు కొన్నా ఇంకో నెలకి ఇంకో స్కిన్ వస్తుంది.

ఐదొందలు పంపలేదు ఫ్రెండ్స్. ఇదంతా ఫోన్‌లోనే చెప్పా. కాసేపు అలిగాడు. తర్వాత, "అంటే అన్నా, నేను మరీ అంత చెత్తగా ఆడట్లేదన్నమాట" అన్నాడు. అవున్రా, అదే చెప్తున్నా!

సరే, నెక్స్ట్ ఎపిసోడ్‌లో రీకాయిల్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను, బై.